వచ్చింది, రాలేదు

టైపు మేడం చేతి కింద ఇప్పుడు టైపు మిషన్ ఒక్కటీ లేదు. ఉన్నవి తొమ్మిది కంప్యూటర్లు, వాటిలో రెండు బుద్ధి పుట్టినప్పుడే పనిచేస్తాయి. అయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఇరవై రెండేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల వేళ్ళు పట్టుకుని అక్షరాల మీద నడిపించిన మనిషి. ఇన్‌స్టిట్యూట్ మూతపడి, గ్రంథాలయం మేడమీద గదిలోకి మారినా పేరు కూడా సామానుతోపాటు మెట్లెక్కి వచ్చేసింది.

ఆ గది బడి వదిలాక పిల్లలు వచ్చి కూర్చునే గది. నాలుగున్నరకి తెరుస్తారు, ఏడింటికి మూస్తారు. ఇంట్లో తాళం తీసేవాళ్ళు లేని పిల్లలు, ఇంటికి వెళ్ళాలని లేని పిల్లలు, కంప్యూటర్ ముట్టుకోవాలని మహా సరదా ఉన్న పిల్లలు, అందరూ కలిపి యాభై రెండుమంది వస్తారు. దాన్ని మొదలుపెట్టింది టైపు మేడం కాదు, ఆమె చెల్లెలు. పిల్లలు ఆవిణ్ణి చిన్న మేడం అనేవాళ్ళు. పాఠం చెప్పడం చెల్లెలి వంతు. హాజరు పిలవడం, చెప్పులు వరసలో పెట్టించడం, కీబోర్డుల సందుల్లోంచి చాక్లెట్ కాగితాలు లాగడం అక్క వంతు.

పాఠాల కోసం ఏది తెప్పించాలన్నా చెల్లెలు ముందు అక్క మీదే ప్రయోగించేది. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వస్తువు ముందు పెట్టి, తను ఎడమ పక్క కుర్చీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఒక్క ముక్క సాయం చేసేది కాదు.

"చెప్పవే, ఇక్కడేం నొక్కాలి?"

"నేను లేననుకో. నీకొస్తే మా పిల్లలకి వచ్చినట్టే. నీకంటే మొండి బుర్ర నాకెక్కడ దొరుకుతుంది చెప్పు?"

అక్క తిట్టుకుంటూ, కళ్ళజోడు సర్దుకుంటూ, తప్పులు చేస్తూ చివరికి ఎలాగో సాధించేది. సాధించగానే ఎడమ పక్కకి తిరిగి "వచ్చిందే!" అని అరిచేది. చెల్లెలు పెన్ను టిక్కున నొక్కి నోటుపుస్తకంలో రాసుకునేది. పన్నెండేళ్ళు ఆ గదిలోకి వచ్చిన ప్రతి వస్తువూ అలాగే వచ్చింది. ఒక్కసారి మాత్రం గ్రంథాలయం కమిటీవాళ్ళు తొందరపడి వాళ్ళే ఏవో హెడ్‌ఫోన్ల పాఠాలు తెప్పించారు. ఎవరిదో గొంతు చెవిలో గడగడా చదివేది. నాలుగు నెలల్లో పిల్లలు పద్దెనిమిది మందికి పడిపోయారు. వాళ్ళను తిరిగి పోగేసుకోవడానికి చిన్న మేడంకి ఏడాది పట్టింది.

ఆ చిన్న మేడం పోయి ఏడు నెలలైంది. ఒక మంగళవారం పొద్దున, కుళాయి కింద బకెట్ నిండేలోపు కుప్పకూలింది. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

అక్కకి ఏడుపు రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఆమె ముఖం వంకే చూశారు, ఇదిగో ఇప్పుడు ఏడుస్తుంది, ఇదిగో అప్పుడు ఏడుస్తుంది అని. కొందరు ఆమెను పట్టుకుని వాళ్ళే ఏడ్చారు. ఆమె వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాలుగో రోజున వెళ్ళి గది తాళం తీసింది. చెల్లెలు చెప్పే పాఠాలే, చెల్లెలు రాసిపెట్టిన వరసలోనే చెప్పడం మొదలుపెట్టింది. కింద పెట్టుకుని పడుకున్న చెయ్యి లేచాక కాసేపు మనది కాకుండా పోతుంది చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. ఏడు నెలలుగా అలాగే ఉంది.

చెల్లెలి ఫోను ఆమె దగ్గరే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే తన ఫోనుతోపాటు దానికీ ఛార్జింగ్ పెడుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. మంచివాడు, మాటలు తక్కువ. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి అన్నాడు.

"ఒక్కసారి ఏడ్చెయ్యవే. తేలికవుతుంది."

"రావట్లేదండీ. వస్తే ఏడవనా?"

"రాకపోతే రప్పించుకోవాలి."

"మీ లిఫ్టేమిటి, బటన్ నొక్కగానే రావడానికి?"

ఇంకొకప్పుడైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆయన నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, తలొంచుకుని తిన్నాడు.

ఆ సోమవారం కమిటీ అధ్యక్షుడు మేడమెక్కి వచ్చాడు. ఆయనకి వీధి చివర మందుల షాపు ఉంది. ముప్పై ఏళ్ళుగా డాక్టర్ల చేతిరాత కూడబలుక్కుని చదివిన అలవాటు కాబోలు, ఏ కాగితం చేతికిచ్చినా పైకి చదవనిదే ఆయనకి తలకెక్కదు. గోడ మీద "చెప్పులు బయట విడవండి" అన్న కాగితం కూడా వచ్చినప్పుడల్లా పైకి చదువుతాడు, చదివి చెప్పులతోనే లోపలికి వస్తాడు.

"మేడం, శనివారం పదకొండింటికి మీటింగ్. పిల్లల కోసం ఒకటి తెప్పిస్తున్నాం. ఒకటంటే ఒకటే. మళ్ళీ మూడేళ్ళ దాకా ఇంకేదీ లేదు. ఏది కావాలో మీరు రాసివ్వండి."

"నాకేం తెలుసు సార్? మీరే చూడండి."

"మేం చూస్తే ఏమైందో చూశారుగా! ఇంకోటి చెప్తున్నా, మనసులో పెట్టుకోండి. ఈసారి పిల్లలు జారిపోతే గది నిలవదు. టేబుల్ టెన్నిస్ వాళ్ళు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని మెట్ల మీదే కూర్చున్నారు. నేను అడ్డం పడ్డా ఆగదు. చిన్న మేడం పుస్తకం ఉందిగా, అందులో చూసి రాయండి."

చెల్లెలి గది అది. పోతే మళ్ళీ రాదు. ఆ సంగతి టైపు మేడంకి తెలుసు. తెలిసినా భయం మాత్రం కలగలేదు. సరే సార్ అని, బీరువాలోంచి గులాబి అట్ట నోటుపుస్తకం తీసింది.

చివరి మూడు పేజీలూ చెల్లెలు పోయే ముందు రెండు నెలల్లో రాసినవి. అప్పుడు అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉంది. కాబట్టి ఆ మూడింటినీ ఆమె ముట్టుకుని చూసింది లేదు.

మొదటి పేజీలో ట్యాబ్‌లు, వాటిలో ఆటల్లాంటి పాఠాలు, పిల్లకొకటి. పేజీ అడుగున ఒకే మాట: వచ్చింది. రెండో పేజీలో రోబో బండి, పిల్లలే బిగించి నడపాలి. అడుగున: వచ్చింది, చక్రం విరిగింది. మూడో పేజీలో దీపాల పెట్టె. అందులో తీగలు, బ్యాటరీలు, చిన్న బల్బులు, తెలుగులో అచ్చేసిన కార్డులు. నలుగురు పిల్లలకి ఒక పెట్టె, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ పేజీ అడుగున తేదీలు వేసి మూడుసార్లు రాసి ఉంది: 3న రాలేదు. 9న రాలేదు. 16న ఇంకా రాలేదు.

టైపు మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? తను లేదు కాబట్టి చెల్లెలు నేరుగా పిల్లల మీదే ప్రయోగించి ఉంటుంది. దీపాల పెట్టె పాఠం మూడుసార్లు చెప్పినా పిల్లలకి రాలేదు. రోబో బండి వచ్చింది గానీ ఉత్సాహం పట్టలేక చక్రం విరగ్గొట్టుకున్నారు. ట్యాబ్‌ల పాఠం వచ్చింది, ఏమీ విరగలేదు కూడా. చెల్లెలు చెప్పాక ఇంక తిరుగేముంది? తెల్లకాగితం తీసుకుని "ట్యాబ్‌లు" అని గుండ్రంగా రాసి, మడిచి పుస్తకంలో పెట్టింది. రాస్తున్నంతసేపూ, చాకలి పద్దు రాస్తున్నట్టే ఉంది ఆమెకి.

బుధవారం ట్యాబ్‌ల ఏజెంటు వచ్చాడు. అతని ముఖం నవ్వుతూ పుట్టినట్టుంటుంది. పది ట్యాబ్‌లు పదిమంది పిల్లల చేతిలో పెట్టి, మేడం మీరు హాయిగా కూర్చోండి, ఇంక మీకు పనే ఉండదు అన్నాడు. నిజంగానే లేకుండా పోయింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. సరైన జవాబు నొక్కితే తెర మీద నక్షత్రాలు కురుస్తున్నాయి. తప్పు నొక్కితే ఏదో బొమ్మ ఏడుపు ముఖం పెడుతోంది. ఎవరూ పక్కవాళ్ళ వంక చూడటం లేదు.

పిల్లల్లో ఒకమ్మాయి ఉంది, ఎనిమిదో తరగతి. ప్రతి మాటకీ ఎందుకని అడుగుతుందని చిన్న మేడమే ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టింది. ఆ పిల్ల పది నిమిషాల్లో ట్యాబ్ తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"అయిపోయింది మేడం. నలభై నక్షత్రాలు."

"అబ్బో! అప్పుడే వచ్చేసిందా?"

"రావడానికేముంది మేడం? నాలుగు జవాబులుంటాయి, నాలుగూ నొక్కుతూ పోతే ఏదో ఒకటి కరెక్టవుతుంది. ఎందుకు కరెక్టో మాత్రం చెప్పదు. అడుగుదామంటే దానికి చెవుల్లేవు."

ఏజెంటు నవ్వు ఆగకుండానే "చురుకైన పాప" అన్నాడు. టైపు మేడం విన్నది. ఇలాంటి మాట చెల్లెలి చెవిన పడి ఉంటే ఆ ఏజెంటుని మెట్ల దాకా సాగనంపి వచ్చేదని కూడా అనిపించింది. కానీ చెల్లెలే కదా వచ్చిందని రాసింది. ఆ రాతని పట్టుకుని కూర్చుంటే తను ఏదీ తేల్చుకోనక్కర్లేదు. మడిచిన కాగితం మడిచినట్టే ఉంచింది.

శుక్రవారం మధ్యాహ్నం చెల్లెలి ఫోను మోగింది.

ఏడు నెలల్లో అది మోగింది మొదట్లో కొన్నిసార్లే. తర్వాత లోకానికి తెలిసిపోయి అందరూ చెయ్యడం మానేశారు. టైపు మేడం దాన్ని అరచేతిలో పెట్టుకుని నాలుగు రింగుల దాకా చూసి, అప్పుడు ఎత్తింది.

"పార్సిల్ ఆఫీసు నుంచండీ. మీ పేరు మీద ఒక పెట్టె ఉంది. వేరే ఊరి మూటల్లో కలిసిపోయిందండీ, మొన్న గోడౌన్ సర్దుతుంటే దొరికింది. వచ్చి తీసుకెళ్ళండి, చాలా రోజులైంది."

పార్సిల్ ఆఫీసు బస్టాండు వెనక సందులో ఉంది. ఇనుప జాలీ వెనక ఒక గుమాస్తా, అతని వెనక కప్పు దాకా పెట్టెలు. అతను పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు గానీ, దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పెట్టె మీద చెల్లెలి పేరు, ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కన చిన్నగా "దీపాల పెట్టె, నమూనా" అని ఉంది.

"మీరేనాండీ ఈవిడ?"

"కాదండీ. వాళ్ళ అక్కని."

"కార్డు తీసుకుని ఆవిడే రావాలండీ. రూలు. ఆవిడ రాలేదా?"

"రాలేదు."

"పోనీ రేపొస్తారా? రేపు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటాం."

"రాదు."

"మరెప్పుడొస్తారండీ? దీన్ని నేను అట్టే రోజులు ఉంచలేను. ఇప్పటికే ఆవిడ మా ప్రాణాలు తోడేశారు. ఇదిగో చూడండి." అతను ఫిర్యాదుల రిజిస్టరు తిప్పి జాలీ సందులోంచి చూపించాడు. "మూడుసార్లు ఫోన్ చేశారు, పార్సిల్ వచ్చిందా, వచ్చిందా అని. మూడో తారీఖు, తొమ్మిది, పదహారు. మావాళ్ళు రాలేదనే చెప్పారు. నిజంగా రాలేదండీ అప్పటికి."

టైపు మేడం ఆ తేదీల వంక చూసింది. మూడు, తొమ్మిది, పదహారు.

మన భాషలో రావడమనే మాటకి చాకిరీ ఎక్కువ. మనిషి వస్తుంది, ఉత్తరం వస్తుంది, ఈత వస్తుంది, లెక్కలు వస్తాయి, నిద్రొస్తుంది, ఏడుపొస్తుంది. అన్నిటికీ ఆ ఒక్క మాటనే తిప్పుతాం. ఎవరు వచ్చారో, ఏది వచ్చిందో వినేవాళ్ళే చూసుకోవాలి. చెల్లెలు రాసుకున్నది పార్సిళ్ళ సంగతి. ట్యాబ్ వచ్చింది, అంటే పార్సిల్ చేతికొచ్చింది, అంతే. బండి వచ్చింది, చక్రం దారిలో విరిగి వచ్చింది. పెట్టె రాలేదు. ఏది పిల్లలకి అర్థమైందో, ఏది కాలేదో ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. చెల్లెలు ఏదీ తేల్చి వెళ్ళలేదు. పెట్టె కోసం ఎదురుచూస్తూ వెళ్ళిపోయింది.

"మేడం? ఎప్పుడొస్తారని రాసుకోమంటారు?"

"ఇంక రాదండీ," అంది టైపు మేడం. ఏడు నెలల్లో ఈ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. గొంతు మామూలుగానే ఉంది. "మా చెల్లి ఇంక రాదు."

గుమాస్తా చెయ్యి పెట్టె మీద నుంచి తీసేశాడు. ఇంకో రిజిస్టరు తెరిచి వేలితో చోటు చూపించాడు. తీసుకున్నవారి సంతకం. పక్కన, పార్సిల్‌దారుకి ఏమవుతారు అన్న చోట ఆమె "అక్క" అని రాసింది.

గదికి వచ్చేసరికి ఐదయింది. పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తాళం తీసి, హాజరు పిలవకుండా, నేరుగా వెళ్ళి తన కుర్చీలో కూర్చుని పెట్టె విప్పింది. పిల్లలు చుట్టూ మూగారు.

"మేడం, ఇదేంటి? నేను పెట్టనా?" అంటూ ఎందుకమ్మ చెయ్యి చాపింది.

"ఆగు. ఎవరూ ఒక్క ముక్క చెప్పకూడదు. ముందు నాకు రావాలి. నాకంటే మొండి బుర్ర ఈ గదిలో లేదు."

మొదటి కార్డు చదివింది. ఎర్ర తీగ ఇక్కడ, నల్ల తీగ అక్కడ. టైపు చేసీ చేసీ అరిగిన వేళ్ళు కాబట్టి సన్నటి పని సులువుగానే చేశాయి. అంతా పెట్టింది. బల్బు వెలగలేదు. పిల్లలు ఒకళ్ళ నోరు ఒకళ్ళు మూస్తున్నారు. కార్డు వెనక్కి తిప్పితే ఇలా ఉంది: వెలగలేదా? మంచిదే. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి తీగ వెంటే వేలు నడిపించు. వేలు ఎక్కడ ఆగిపోతే అక్కడ చూడు.

ఆమె వేలు నడిపించింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి బల్బు అడుగు దగ్గర వేలు ఆగింది. అక్కడ తీగ తగులుతున్నట్టే ఉంది గానీ తగలడం లేదు. గోటితో చిన్నగా నొక్కింది.

బల్బు వెలిగింది.

"వచ్చిందే!" అని అరిచింది టైపు మేడం, ఎడమ పక్కకి తిరిగి.

ఎడమ పక్క కుర్చీలో ఎవరూ లేరు. పిల్లల స్కూలు సంచులు రెండున్నాయి.

ఎందుకమ్మ గబుక్కున గుమ్మం వైపు చూసింది. "ఎవరు మేడం? ఎవరొచ్చారు?"

టైపు మేడం కూడా గుమ్మం వైపు చూసింది. మిగతా పిల్లలూ చూశారు. గుమ్మంలో చెప్పులు తప్ప ఏమీ లేవు.

"ఎవరూ రాలేదమ్మా," అనబోయింది. ఎవరూ అన్న మాట వచ్చింది. మిగతాది రాలేదు. దాని బదులు ఏడుపు వచ్చింది. పెద్దగా, సిగ్గులేకుండా, ముక్కు కారేలా వచ్చింది. యాభై మంది పిల్లల ముందు బల్ల మీద మోచేతులు పెట్టుకుని, చెల్లీ చెల్లీ అంటూ ఏడ్చింది. చెల్లెలు లేకపోవడం ఆమెకి అప్పుడు తెలిసింది, ఒళ్ళంతా ఒకేసారి తెలిసింది. పిల్లల్లో ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఎందుకమ్మ ఆ రోజు ఎందుకని అడగలేదు. కుర్చీలోంచి సంచులు తీసి, అక్కడ కూర్చుంది.

కళ్ళు తుడుచుకున్నాక టైపు మేడం పెట్టెను పిల్లల మధ్యకి తోసింది. నలుగురు కూర్చున్నారు. రెండు నిమిషాల్లో పోట్లాట మొదలైంది, ఆ తీగ ఎందుకు, ఈ తీగ ఎందుకు కాదు అని. మిగతా పిల్లలు వాళ్ళ భుజాల మీద ఎక్కి అరుస్తున్నారు. ఆ గోలకి కింద గ్రంథాలయంలో ఎవరో బల్ల కొట్టారు. ఏడు దాటినా ఎవరూ చెప్పులేసుకోలేదు.

శనివారం పదకొండింటికి ఆమె మడిచిన కాగితం తీసుకెళ్ళలేదు. గులాబి పుస్తకమే తీసుకెళ్ళి, మూడో పేజీ తెరిచి అధ్యక్షుడి చేతికిచ్చింది. మూడు రాలేదుల కింద ఆమె గుండ్రటి చేతిరాతలో కొత్త వరసలున్నాయి.

మందుల షాపాయన కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం పైకి అందుకున్నాడు.

"శుక్రవారం. పార్సిల్ వచ్చింది. అక్కకి అర్థమైంది, మూడోసారికి. బల్బు వెలిగింది. పిల్లలు పోట్లాడుకున్నారు, ఎందుకో ఏమిటో ఒకరికొకరు చెప్పుకున్నారు. ట్యాబ్‌లు వద్దు, ఇదే కావాలి..."

అక్కడ ఆగాడు. ఇంకో వరస ఉంది. పెదవులు కదిలాయి గానీ దాన్ని పైకి చదవలేదు. కమిటీవాళ్ళు ఏముందండీ అని అడిగారు. ఏం లేదు, ఇదే తెప్పిద్దాం, రాసుకోండి అని పుస్తకం మూసి రెండు చేతులతో ఆమెకి తిరిగి ఇచ్చాడు.

ఆ చివరి వరస కమిటీకి రాసింది కాదు.

"ఏడుపు కూడా వచ్చిందే, చెల్లీ."